సింగిల్ బ్లైండా, డబుల్ బ్లైండా? మొదటి పేపర్‌కి ఏది మేలు

అనంతపురం, కడప, కర్నూలు స్కాలర్లు నన్ను పదే పదే అడిగేది ఇదే: పేపర్‌ని పరిశీలించే రివ్యూయర్‌కి రచయిత పేరు కనపడే (సింగిల్ బ్లైండ్) జర్నల్‌కి పంపాలా, ఇద్దరి పేర్లూ ఒకరికొకరికి తెలియకుండా దాచే (డబుల్ బ్లైండ్) జర్నల్‌కా? పోయిన నెల మా స్కాలర్ శెనక్కాయ పేపర్‌కి నేనూ ఇది తేల్చుకోవాల్సి వచ్చింది. డబుల్ బ్లైండ్‌కే పంపాం.

సింగిల్ బ్లైండ్‌ని తీసిపారేయలేం. సైన్సులో చాలా మంచి జర్నళ్లు ఇప్పటికీ ఆ పద్ధతిలోనే నడుస్తున్నాయి. మీ పాత పని తెలిసిన రివ్యూయర్ దొరికితే కొత్తదాన్ని దానికి కొనసాగింపుగా చదువుతాడు. పేరున్న గైడ్ ఉంటే ఆ పేరూ పనిచేస్తుంది. నా అభ్యంతరం అక్కడే. ఆర్థికశాస్త్రంలో నోబెల్ పొందిన వెర్నన్ స్మిత్, అప్పటికి పెద్దగా పేరు లేని ఒక యువ పరిశోధకుడు కలిసి రాసిన పేపర్‌ను కొందరు పరిశోధకులు వందల మంది రివ్యూయర్లకు ఇచ్చి చూశారు. ఆ ఫలితం 2022లో పీఎన్‌ఏఎస్‌ అనే అమెరికా సైన్స్ అకాడమీ జర్నల్‌లో వచ్చింది. స్మిత్ పేరొక్కటే చూసినవాళ్లలో తిరస్కరించమన్నది దాదాపు 23 శాతం. యువకుడి పేరొక్కటే చూసినవాళ్లలో 65. ఏ పేరూ చూడనివాళ్లలో 48. అందరూ చదివింది అదే పేపర్.

65కీ 48కీ మధ్య ఉన్న తేడా, పేరు లేని మన పిల్లలు నష్టపోయేది. నా మొదటి పేపర్‌కి వచ్చిన రివ్యూలో పద్ధతి గురించి ఒక్క ముక్క లేదు. మీ యూనివర్సిటీలో ఆ పరికరం ఉందా అని మాత్రం అడిగారు. ఏళ్లు గడిచినా ఆ వాక్యం నన్ను వదల్లేదు.

డబుల్ బ్లైండ్‌లోనూ ఎడిటర్‌కి పేర్లు తెలుస్తాయి, కాబట్టి రివ్యూయర్లకు పంపకుండానే ఎడిటర్ తిప్పికొట్టే డెస్క్ రిజెక్ట్ నుంచి అది కాపాడదు. పైగా కదిరి పరిశోధన కేంద్రంలో వేసిన కె-6 రకం శెనక్కాయ మడుల గురించి రాస్తే, రాసిందెవరో ఆ రంగంలోవాళ్లు ఇట్టే పోల్చుకోగలరు. అయినా ఊరి పేరు తీసేస్తే వాన లెక్కలకు అర్థం ఉండదని అలాగే ఉంచాం.

రివ్యూలు బయటపెట్టే ఓపెన్ పద్ధతీ ఉంది. ఈలైఫ్ జర్నల్ అయితే 2023 నుంచి, రివ్యూ అయ్యాక అంగీకారం, తిరస్కారం అన్న తీర్పే ఎత్తేసింది. థీసిస్ గడువు మీదున్నవాళ్లకు నేనైతే దానికి పంపమని చెప్పను.

పంపేముందు ‘మా గత పేపర్‌లో చూపాం’ అన్న చోటల్లా వేరేవాళ్ల పని గురించి చెప్పినట్టు మార్చాం. కృతజ్ఞతలు విడి టైటిల్ పేజీకి జరిపాం. వర్డ్ ఫైల్ ప్రాపర్టీస్‌లో స్కాలర్ పేరు మాత్రం అప్పటికీ ఉండిపోయింది, అప్‌లోడ్ చేయబోతూ చూసి తీసేశాం.