బూర్జ్‌లో జాక్ కర్ మేడ: వెనక కోట, ముందు కొలువు

లువార్ లోయ కోటలు రెండు మూడు చూశాక అన్నీ ఒకేలా అనిపిస్తాయి. రాజుగారి పడకగది, రాణిగారి పడకగది, గోడ నిండా తివాచీలు, ముందూ వెనకా టూరిస్టు బృందాలు. అందుకే ఈసారి పారిస్ ఆస్టర్లిట్స్ స్టేషన్లో రైలెక్కి బూర్జ్ వెళ్లాం. నేరుగా వెళ్లే రైలైతే సుమారు రెండు గంటలు, కొన్నింటికి వియర్‌జోన్‌లో మారాలి. ఈ ఊరు అనగానే అందరూ చెప్పేది 1992లో యునెస్కో జాబితాకెక్కిన కేథడ్రల్ గురించి. అది గొప్పదే, కాదనను. నా ఓటు మాత్రం అక్కడికి కొద్ది నడక దూరంలో ఉన్న ఓ వ్యాపారి ఇంటికి.

ఆ వ్యాపారి పేరు జాక్ కర్, బొచ్చుతోళ్లు అమ్ముకునే ఆయన కొడుకు. మధ్యధరా సముద్రంలో సొంత ఓడలు నడిపి, తూర్పు దేశాల నుంచి పట్టు, సుగంధద్రవ్యాలు తెప్పించాడు. ఆ కాలంలో అలెగ్జాండ్రియా దాకా వచ్చిన మిరియాల్లో చాలాభాగం మన మలబారు తీరానివే. రాజు ఏడవ చార్లెస్ కొలువుకు కావలసిన బట్టలు, నగలు సమకూర్చే అధికారి అయ్యాడు, రాజుకే అప్పులిచ్చాడు, 1441లో ప్రభువుల వర్గంలో చేరాడు. ఇల్లు 1443లో మొదలుపెట్టాడు. పని పూర్తికావస్తుండగా, 1451 జులై 31న, రాజే అరెస్టు చేయించాడు. రాజు ప్రియురాలు ఆన్యెస్ సొరెల్‌కు విషం పెట్టాడన్నది మొదటి ఆరోపణ. అది నిలవలేదు, వేరే నేరాలు మోపి 1453లో శిక్ష వేశారు. ఆ మరుసటేడు జైలు నుంచి తప్పించుకుని రోమ్ చేరాడు. పోప్ పంపిన నౌకాదళంతో బయల్దేరి 1456లో కియోస్ ద్వీపంలో చనిపోయాడు. ఇంత ఇల్లు కట్టినవాడు అందులో కాపురం చేసింది దాదాపు లేదనే చెప్పాలి.

ముందు గేటు దగ్గరికి వెళ్లకండి. కిందనున్న ప్లాస్ బెర్రీ నుంచి చూడండి. అటువైపు ఇది మేడలా ఉండదు, లావుపాటి గుండ్రటి బురుజులతో కోటలా ఉంటుంది. రోమన్ల నాటి ఊరిగోడనే పునాదిగా వాడుకుని, దాని బురుజుల మీద కట్టించాడు. చుట్టూ తిరిగి పైవీధిలోకి వస్తే అదే ఇల్లు చెక్కిన రాతితో, పెద్ద కిటికీలతో దర్జాగా నిలబడి ఉంటుంది. గుమ్మం పైన రెండు ఉత్తుత్తి కిటికీలు, వాటిలోంచి రాతి మనుషులు వీధిలోకి తొంగిచూస్తుంటారు. వాళ్ల మధ్య ఖాళీ గూటిలో ఒకప్పుడు గుర్రమెక్కిన రాజు విగ్రహం ఉండేది, ఫ్రెంచి విప్లవంలో పోయింది. ఎక్కడ చూసినా గుండెలు, ఆల్చిప్పలు: ఇంటిపేరుకు గుండె అని అర్థం, ఆల్చిప్ప ఆయన పేరే ఉన్న సెయింట్ జాక్ గుర్తు.

ముంగిట్లో నాకు బాగా నచ్చినవి తలుపుల పైనున్న శిల్పాలు. ఏ తలుపు ఎటు పోతుందో అవే చెబుతాయి: వంటింటి గుమ్మం మీద వంటవాళ్లు, చాపెల్‌కు పోయే మెట్ల మీద పూజ ఏర్పాట్లు. లోపల పైకప్పు బోర్లించిన ఓడలా ఉన్న పొడవాటి గ్యాలరీలు, ఆవిరి స్నానాల గది, చాపెల్ కప్పు మీద నీలాకాశంలో దేవదూతలు. ఓ ఫైర్‌ప్లేస్ మీద శూరుల పోటీని వెక్కిరిస్తూ గాడిదలెక్కిన పల్లెటూరి వాళ్లు తలపడుతుంటారు.

గదులు ఖాళీగా ఉన్నాయని విసుక్కునేవాళ్లు కనిపించారు. సామానంతా జప్తు చేసి వేలం వేశారు మరి. తర్వాత శతాబ్దాలపాటు ఇది ఊరి పాలనకూ కోర్టుకూ పనికొచ్చింది. 1923లో ప్రభుత్వం కొని మరమ్మతులు చేయించింది, కొన్ని ఫైర్‌ప్లేస్‌లు అప్పుడు తిరిగి కట్టినవే. అందుకే ఏది పాతదో ఏది కొత్తదో చెప్పే గైడు ఉంటే మేలు. ఫ్రెంచి రానివాళ్లు చేతికిచ్చే కాగితం చదువుకుంటూ నెమ్మదిగా తిరగొచ్చు, కానీ సగం హాస్యం అందదు. మెలికల మెట్లు ఎక్కువ, మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలను తీసుకెళ్తే ముంగిలి, కింది గదులతో సరిపెట్టండి. 18 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు. ఫ్రాన్స్‌లో చదువుకుంటున్న 26 లోపు వాళ్లు నివాస కార్డు చూపిస్తే వాళ్లకూ ఉచితం, చాలామంది మనవాళ్లకు ఇది తెలియదు. మధ్యాహ్నం మూసేసే వేళలుంటాయి, సీజన్‌ను బట్టి మారతాయి.

బస విషయానికొస్తే, స్టేషన్ దగ్గరి హోటళ్లు చవక, గదులు అగ్గిపెట్టెలు. పాత ఊళ్లో, రూ బూర్బొనూ చుట్టుపక్కల దొరికితే పదో ఇరవయ్యో యూరోలు ఎక్కువైనా అక్కడే తీసుకోండి. చెక్క చట్రాల ఇళ్ల మధ్య రాత్రి నడవడానికే ఆ డబ్బు. మేం దిగిన చోట లిఫ్టు లేదు, పెట్టె మూడంతస్తులు మోశాం, టిఫిన్ మాత్రం బాగుంది. శాకాహారులకు మెనూలో పెద్దగా ఏమీ ఉండదు. ఈ బెర్రీ ప్రాంతపు పచ్చ మసూర్ల సలాడ్, షవిన్యోల్ మేకపాల చీజ్ అడగండి. సలాడ్‌లో పంది మాంసం ముక్కలు వేస్తారు, వద్దని ముందే చెప్పాలి. వీలైతే సోమవారం తప్పించండి. ఆ రోజు భోజనానికి తెరిచున్న రెస్టారెంట్ కోసం చాలాసేపు వెతకాల్సి వస్తుంది.