గుణదల, దేవుని కడప, నెల్లూరు: వేర్వేరు నమ్మకాలున్న మిత్రులతో

ఒంగోలులో ఒకే బడిలో పాఠాలు చెప్పే మేము కొందరం 2025లో మూడు ఉత్సవాలకు కలిసి వెళ్లి వచ్చాం. ఫిబ్రవరిలో విజయవాడలోని గుణదల, ఉగాదికి దేవుని కడప, మొహర్రానికి నెల్లూరు రొట్టెల పండుగ. లెక్కల మాస్టారు, ఆయన భార్య ముస్లింలు. ఆవిడను నేను భాభీ అంటాను. సైన్సు చెప్పే అక్కది తాతల నాటి నుంచి బాప్టిస్టు కుటుంబం. నేను శనివారాలు ఒక్కపొద్దు ఉండి వేంకటేశ్వరస్వామిని కొలుస్తాను. ఇలా కలిసి వెళ్లాలనుకునే వాళ్లకు ఎక్కడ ఎలా ఉంటుందో చెప్పాలని ఈ నాలుగు మాటలు.

గుణదల మేరీమాత ఉత్సవాలు ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు జరుగుతాయి. తేదీలు మారవు కాబట్టి రైలు టిక్కెట్లు ముందే తీసుకోవచ్చు. 1924లో ఫాదర్ ఆర్లాటి అనే ఇటలీ గురువు ఇక్కడి కొండ గుహలో లూర్దుమాత స్వరూపాన్ని నెలకొల్పారు. తలనీలాలు ఇచ్చేవాళ్లు, కొబ్బరికాయలు కొట్టేవాళ్లు, కొవ్వొత్తులు వెలిగించేవాళ్లు అంతా ఒకే వరుసలో కలిసి కదులుతుంటారు. మన గుడి అలవాట్లన్నీ అక్కడ కనిపించడంతో నాకు కొత్తనిపించలేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మాత్రం కొండ పైదాకా ఎక్కాలని పట్టుబట్టవద్దు, గుహ దగ్గరే ఆగిపోవచ్చు.

అక్కడ నేను ఊహించనిది ఒకటి చూశాను. మాలో క్రైస్తవురాలు అక్క ఒక్కతే, అయినా అందరికంటే దూరంగా నిలబడింది కూడా ఆవిడే. మరియమ్మ స్వరూపానికి మొక్కడం వాళ్ల సంఘంలో లేదు. కొవ్వొత్తి వెలిగించకుండా ఒక చెట్టు నీడలో కూర్చుని కళ్లు మూసుకుని తన ప్రార్థన తాను చేసుకుంది. భాభీ మాత్రం గుహ ముందు నుంచి కదలలేదు. ఖురాన్‌లో మర్యం పేరుతో ఒక అధ్యాయమే ఉందని, అందులో పేరుపెట్టి చెప్పిన స్త్రీ ఆవిడ ఒక్కరేనని మాస్టారు నాకు చెప్పారు. మతం పేరు చూసి ఎవరు ఎక్కడ దగ్గరవుతారో అంచనా వేయలేమని ఆ రోజే అర్థమైంది. తర్వాతి రెండు చోట్లా అదే రుజువైంది.

భాభీ పుట్టిల్లు కడప. అందుకే ఆ ఊళ్లో లాడ్జి వెతికే పని పడలేదు. ఆ ఏడాది ఉగాది మార్చి 30న, రంజాన్ ఉపవాసాల చివరి రోజున వచ్చింది. ముస్లిం ఆడపడుచు బీబీ నాంచారమ్మను పెళ్లాడిన వేంకటేశ్వరుడు తమ ఇంటి అల్లుడని అక్కడి ముస్లిం కుటుంబాలు తరతరాలుగా చెప్పుకుంటాయి. ఉగాది నాడు దేవుని కడప గుడికి వచ్చి కొబ్బరికాయ కొట్టి వెళ్తాయి. భాభీ వాళ్లమ్మ రోజా ఉండి కూడా ఎండలో క్యూలో నిలబడ్డారు. ప్రసాదం నోట వేసుకోకుండా రుమాలులో కట్టుకుని ఇఫ్తారుకు ఇంటికి తెచ్చారు. మాస్టారు గుడిలోకి రాలేదు. అల్లాను తప్ప ఇంకెవరినీ ఏమీ అడగనన్నది ఆయన నియమం, అది గుడి అయినా దర్గా అయినా సరే. అక్కా ఆయనా బయట నీడన కూర్చుని పదో తరగతి మూల్యాంకనం గురించి మాట్లాడుకుంటూ మా కోసం ఎదురుచూశారు. ఆ సాయంత్రం నెలవంక కనిపించింది, మరునాడే పండుగ.

ఇక నెల్లూరు. మూడింట్లో ఒక్కటే చూడగలిగితే ఇదే చూడమంటాను. స్వర్ణాల చెరువు ఒడ్డున బారాషహీద్ దర్గాలో పన్నెండుమంది అమరుల సమాధులున్నాయి. ఇక్కడ జరిగే రొట్టెల పండుగను ప్రభుత్వం 2015లో రాష్ట్ర పండుగగా ప్రకటించింది. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి చెరువు నీళ్లలో నిలబడి ఇస్తారు, అదే కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, సొంతింటి రొట్టె అంటూ ఎవరి కేక వాళ్లది. మీ మతమేమిటని ఎవరూ అడగరు. ఏ రొట్టె కావాలని మాత్రమే అడుగుతారు.

భాభీ తల మీద కొంగు కప్పుకుని మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగారు. మెట్లు జారుడుగా ఉన్నాయని అక్క ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కనే నిలబడింది కానీ తాను రొట్టె తీసుకోలేదు. బళ్లారి నుంచి వచ్చిన ఒకావిడ, కొడుక్కి ఇంజినీరింగు సీటు వచ్చిందంటూ, నాలుగు మడతలు పెట్టిన చపాతీని రెండు చేతులతో భాభీ కొంగులో వేసింది. ఒక అంచు నీళ్లకు తడిసింది. ఆ తడిసిన ముక్కనే భాభీ తుంచి నోట్లో వేసుకున్నారు. ఇద్దరూ ఏడ్చారు. నేను మా అమ్మ కోసం ఆరోగ్య రొట్టె తీసుకున్నాను. మాస్టారు గట్టు మీద మా చెప్పులు, సంచులు, ఫోన్లు చూసుకుంటూ నిలబడ్డారు. ఇందులో తనకు నమ్మకం లేకపోయినా భార్యను ఒక్క మాట అనలేదు. అందుకు ఆయనంటే నాకు గౌరవం పెరిగింది.

బస విషయం సూటిగా చెప్పాలి. ఈ ప్రయాణాల్లో ఒక లాడ్జిలో నాకూ అక్కకూ గది ఇచ్చి, మాస్టారి ఆధార్ కార్డు చూశాక గదులు లేవన్నారు. మేమూ తాళం తిరిగి ఇచ్చేసి బయటికి వచ్చాం. రెండు వీధుల అవతల ఇంకో లాడ్జిలో రెండు గదులు దొరికాయి, మంచి మర్యాద కూడా దొరికింది. మీకూ ఇలాంటిది ఎదురుకావచ్చు. అప్పుడేం చేయాలో ముందే అనుకుని ఉండండి, ఆ మిత్రుణ్ని ఒంటరిగా కౌంటరు ముందు నిలబెట్టకండి.

తిండికి శాకాహార హోటలే అందరికీ సులువు. నెల్లూరులో ఆ ఇబ్బందీ లేదు, చేపల పులుసుకు హలాల్ పేచీ రాదు. రొట్టెల పండుగ రోజుల్లో ఊళ్లో గది దొరకడం కష్టం. ఒంగోలు నుంచి వెళ్లేవాళ్లు పొద్దున పినాకిని ఎక్స్‌ప్రెస్ రైల్లో వెళ్లి రాత్రికి తిరిగి రావడమే మేలు. మార్చుకోవడానికి ఒక జత బట్టలు తప్పనిసరి.

భాభీ కూతురు నీట్ రాసేది 2026 మేలో. ఆ ఏడాది రొట్టెల పండుగ జూన్ నెలాఖరున పడుతుంది. ర్యాంకు వస్తే రొట్టెలు కాల్చి తెచ్చి చెరువులో ఇవ్వాలి, రాకపోయినా వెళ్దామనే అన్నారావిడ. బడులు తెరిచిన కొత్తలో అందరికీ ఒకేసారి సెలవు దొరకడం కష్టం కాబట్టి హెడ్మాస్టరుగారికి ఇప్పుడే చెప్పి ఉంచాం. రైలు టిక్కెట్లు మాస్టారే తీస్తానన్నారు.