విజయనగరం, శ్రీకాకుళం వాళ్ళు సమ్మర్ ఫ్యామిలీ టూర్‌కి డబ్బులు కట్టేముందు ఇది చదవండి

పిల్లలకి సెలవులిచ్చేశారు, ఫోన్ వదలడం లేదు, ఒక్కరోజు ఎక్కడికైనా తిప్పి తీసుకొద్దాం అని చూస్తున్న అమ్మానాన్నలందరికీ చెప్తున్నాను. మన విజయనగరం వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న "ఒకే రోజులో శ్రీకాకుళం" ప్యాకేజీకి తొందరపడి అడ్వాన్స్ కట్టకండి. నడిపేవాళ్ళ పేరు ఇక్కడ రాయడం లేదు. పేరు మార్చుకుని ఇంకొకరు అదే పాంప్లెట్ వేస్తారు, కాబట్టి పాంప్లెట్‌ని ఎలా చదవాలో చెప్పడమే నయం.

అందులో ఏముందంటే తేలినీలాపురంలో విదేశీ పక్షులు, శాలిహుండం బౌద్ధ స్తూపాలు, కళింగపట్నం బీచ్‌లో స్నానాలు, పిల్లల చేత్తో తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదిలించడం, చివర్లో అరసవల్లి దర్శనం, "స్వామి పాదాలపై సూర్యకిరణాలు" అని ఫొటోతో సహా. ఏసీ బస్సు, టిఫిన్, భోజనం అన్నీ కలిపి పెద్దలకి 1,400, పిల్లలకి 900. మా అత్తయ్యతో కలిపి ఐదుగురం, 6,000 రూపాయలు. ఎవరిదో సొంత నంబర్‌కి వేయించుకున్నారు. బిల్లు అడిగితే "స్క్రీన్‌షాట్ ఉంది కదా మేడమ్, చాలు" అన్నారు.

తెల్లారి ఐదున్నరకి అన్న బస్సు ఎనిమిదికి కదిలింది. తేలినీలాపురం టెక్కలి దాటాక ఉంటుంది, ఇక్కణ్ణుంచి సుమారు 120 కిలోమీటర్లు. మేం దిగేసరికి ఎండ మాడు పగలగొడుతోంది. చెట్ల నిండా తెల్లటి రెట్ట మరకలు, కొమ్మల మధ్య పుల్లలు ఊడిపోతున్న పాత గూళ్ళు. ఒక్క పెలికాన్ లేదు, ఒక్క పెయింటెడ్ స్టార్క్ లేదు. మా బాబు పాంప్లెట్ ఫొటో చేత్తో పట్టుకుని చెట్టు చెట్టుకీ వెతికాడు. అరుగు మీద కూర్చున్న ముసలమ్మ చూసి "పిట్టలా? అవెప్పుడో ఎల్లిపోనాయి కదమ్మా, ఈ ఎండల్లో ఏటి సూద్దారని వచ్చినారు?" అంది. ఆవిడకి మమ్మల్ని చూస్తే జాలేసింది, పిల్లలకి చెంబుతో మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

అసలు సంగతి ఇదీ. ఆ పక్షులు సెప్టెంబరు, అక్టోబరు ప్రాంతంలో వచ్చి గూళ్ళు కట్టుకుని పిల్లల్ని పెంచుకుని, ఎండలు ముదిరేసరికి వెళ్ళిపోతాయి. చూడాలంటే నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్ళాలి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వచ్చే కొంగలు వేరే, అవి వానలు మొదలయ్యే రోజుల్లో వస్తాయి. అంటే మే నెలలో రెండు చోట్లా చెట్లే చూడాలి. అరసవల్లి కిరణాలూ అంతే, మార్చిలోనూ అక్టోబరులోనూ కొద్ది రోజులు, అదీ సూర్యోదయం వేళ మాత్రమే. మేం గుడికి చేరింది చీకటిపడ్డాక. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మన తీరంలో గుడ్లు పెట్టేది ఎక్కువగా జనవరి నుంచి మార్చి దాకా, ఆ పిల్లల్ని సముద్రంలోకి వదిలే పని అటవీ శాఖ చూసుకుంటుంది. 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్న ప్రాణి అది, టూర్ వాళ్ళు డబ్బులు తీసుకుని పిల్లల చేతుల్లో పెట్టే బొమ్మ కాదు. ఇవన్నీ రోజూ టూర్లు నడిపేవాళ్ళకి తెలియదంటే నేను నమ్మను. నిలదీస్తే "పక్షులు మా చేతుల్లో ఉన్నాయా మేడమ్" అన్నాడు ఆ అబ్బాయి. పక్షులు లేకపోవచ్చు బాబూ, పాంప్లెట్ మీ చేతుల్లోదే కదా.

భోజనం గురించి ఎక్కువ చెప్పను. పొద్దున్న కట్టిన పులిహోర పొట్లాలు బస్సు డిక్కీలో పెట్టారు, మధ్యాహ్నానికి వాసన వచ్చేసింది. అందరికీ కలిపి ఒక్క 20 లీటర్ల వాటర్ టిన్. దారిలో తాటి ముంజెలు అమ్ముతుంటే బస్సు ఆపించుకుని కొనుక్కున్నాం, పిల్లలు కాస్త తేరుకున్నారు. మండుటెండలో శాలిహుండం కొండ ఎక్కించారు. మా అత్తయ్య సగం మెట్ల దగ్గరే కూర్చుండిపోయారు. చాలా మంచి చోటు అది, కింద వంశధార, పైన ఇటుక స్తూపాలు, తీరిగ్గా చూడాల్సినది, కానీ పొద్దున్నే వెళ్ళాలి.

నన్ను నిజంగా భయపెట్టింది కళింగపట్నం. వంశధార సముద్రంలో కలిసేది అక్కడే. నది నోటి దగ్గర నీళ్ళు పైకి ప్రశాంతంగా కనిపిస్తాయి, లోపల లాగేస్తాయి. టూర్ వాళ్ళు "అరగంట టైమ్, స్నానాలు చేసి రండి" అని చెప్పి కొట్టు దగ్గర నీడకి పోయారు. వాళ్ళ తరఫున నీళ్ళ దగ్గర ఒక్క మనిషి లేడు, ఒక్క లైఫ్ జాకెట్ లేదు. ఎవరి పిల్లలో నలుగురు మోకాళ్ళు దాటి వెళ్ళిపోతుంటే, వల బాగుచేసుకుంటున్న మత్స్యకారుడొకాయన గట్టిగా అరుస్తూ పరిగెత్తి వెనక్కి తెచ్చాడు. ఆయన లేకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. పక్షులు కనిపించకపోతే ఇంకో ఏడు చూస్తాం, దీన్ని మాత్రం నేను క్షమించలేను.

ఇంకోటి, మా వెనక వచ్చిన రెండో బండికి తెల్ల నంబర్ ప్లేటు. కిరాయికి తిరిగే బండికి పసుపు ప్లేటు ఉండాలి. సొంత బండిని కిరాయికి తిప్పి ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు కొర్రీలు పెడతారు. ఎక్కేముందే చూడండి, కుదిరితే ప్లేటు ఫొటో తీసి పెట్టుకోండి.

డబ్బులు వెనక్కి అడిగితే "నో రీఫండ్" అని పాంప్లెట్ కింద చీమతలకాయంత అక్షరాలు చూపించారు. అంత మాత్రాన మన హక్కు పోదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం, లేనిది ఉన్నట్టు ప్రకటన వేయడం, సరిగ్గా చేయని సేవకి డబ్బులు తిరిగివ్వననడం, ఇవన్నీ తప్పుడు వ్యాపార పద్ధతుల కిందకే వస్తాయి. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. మనం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదు. పాంప్లెట్, డబ్బు వేసిన స్క్రీన్‌షాట్, వాళ్ళతో చాటింగ్, ఏదీ డిలీట్ చేయకండి.

వెళ్ళాలనుకుంటే సొంతంగా వెళ్ళడమే హాయి. శ్రీకాకుళం నుంచి కళింగపట్నానికి ఆర్టీసీ బస్సులున్నాయి. పొద్దున్నే అరసవల్లి దర్శనం చేసుకుని, ఎండ ముదిరే లోపు ఎక్కడైనా నీడ పట్టుకుని, సాయంత్రం బీచ్ ఒడ్డున ఇసుకలో ఆడించుకుని రావచ్చు, నీళ్ళలోకి మాత్రం పంపకండి. రోజూ ఏదో ఒక వ్యాపకం కావాలంటే గ్రంథాలయాల్లో వేసవి శిబిరాలు పెడుతుంటారు, మీ దగ్గరి లైబ్రరీలో ఒకసారి అడగండి.

వచ్చే ఆదివారం బ్యాచ్‌కి మళ్ళీ అదే పాంప్లెట్ తిరుగుతోంది, అవే పక్షుల ఫొటోలు. ఇప్పటికే కట్టినవాళ్ళు ఈరోజే వాళ్ళకి మెసేజ్ పెట్టండి. పక్షులు ఈ నెలలో ఉంటాయా, బీచ్‌లో పిల్లల్ని చూసుకునే మనిషి ఎవరు, బండి నంబర్ ఏంటి, బిల్లు ఎప్పుడిస్తారు, ఈ నాలుగూ రాతపూర్వకంగా అడగండి. ఫోన్ చేసి మాట్లాడతాం అంటే ఒప్పుకోకండి. మాతో వచ్చినవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే మీరూ 1915 కి ఫిర్యాదు చేయండి, కలిసి వేస్తే బలం ఉంటుంది.