కరెంటు పోయి వచ్చాక ఏది నమ్మకం: డెబియనా, ఫ్రీబీఎస్‌డీనా?

గాజువాక ఆటోనగర్‌లో ఒక స్పేర్‌పార్ట్స్ గొడౌన్‌కి రెండు సర్వర్లు చూస్తుంటాను. రెండిటి ఆపరేటింగ్ సిస్టమ్‌లు వేరు: బిల్లింగ్ డేటాబేస్ డెబియన్ (లినక్స్‌లో ఒక రకం) మీద, ఫైళ్లు ఫ్రీబీఎస్‌డీ (యూనిక్స్ కుటుంబానిది) మీద. ఒక తుఫాను రాత్రి కరెంటు పోయి, తెల్లారి వచ్చింది. కౌంటర్ కుర్రాడు ఫోన్ చేశాడు: "సార్, బిల్లు అవ్వట్లేదండీ. ఫైళ్లయితే తెరుచుకుంటున్నాయి."

వెళ్లి చూస్తే బిల్లింగ్ డేటాబేస్ నడిపే ప్రోగ్రామ్ పోస్ట్‌గ్రెస్ నడుస్తూనే ఉంది! అక్కడే టెన్షన్ పెరిగింది. రెండు అడ్రస్‌ల మీద వినమని దానికి చెప్పి ఉంచాను: ఒకటి లోకల్‌హోస్ట్ (సర్వర్ తనలో తాను మాట్లాడుకునేది), రెండోది కౌంటర్ కంప్యూటర్ వాడే గొడౌన్ నెట్‌వర్క్‌ది. అది లేచే సమయానికి రెండోది ఇంకా నెట్‌వర్క్ కార్డు మీదికి రాలేదు. ఒక్క అడ్రస్ దొరికినా పోస్ట్‌గ్రెస్ లాగ్‌లో ఒక హెచ్చరిక రాసి లేచిపోతుంది, రెండోదాని కోసం మళ్లీ ప్రయత్నించదు.

ఆ అడ్రస్ ఎందుకు రాలేదంటే, కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్ స్విచ్ సర్వర్ కంటే నెమ్మదిగా లేస్తుంది. డెబియన్‌లో సర్వీసుల్ని, అంటే వెనకాల నడిచే ప్రోగ్రామ్‌లని లేపేది సిస్టమ్‌డీ. నెట్‌వర్క్ కార్డుని నేను అందులో నెట్‌వర్క్ చూసే భాగమైన సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీకి అప్పజెప్పాను. కేబుల్‌కి అవతల లింక్ లేకపోతే అది స్థిరమైన అడ్రస్‌ని కూడా పెట్టదు. పెట్టాలంటే 'కన్ఫిగర్ వితౌట్ క్యారియర్' అని విడిగా రాయాలి. ఫ్రీబీఎస్‌డీలో ఆర్‌సీ.కాన్ఫ్ అనే సెట్టింగుల ఫైల్లో ఒక్క వరస రాస్తే చాలు, కేబుల్ ఊడి ఉన్నా అడ్రస్ పెట్టేస్తుంది. ఫైళ్లు తెరుచుకున్నది అందుకే.

సర్వీసులు లేచే వరసలోనూ ఫ్రీబీఎస్‌డీ పద్ధతే నాకు నచ్చుతుంది. 2000లో దీని బంధువు నెట్‌బీఎస్‌డీ 1.5తో వచ్చిన, వరస పేర్చే ఆర్‌సీఆర్డర్‌నే ఇదీ వాడుతుంది. ప్రతి స్క్రిప్టు పైభాగంలో అది ఏమిస్తుందో, దానికి ముందు ఏం కావాలో రాసి ఉంటుంది. వాటిని బట్టి ఒకదాని తరవాత ఒకటి లేస్తాయి. ఆ వరసను స్క్రీన్ మీద అచ్చు వేయించుకుని వేలు పెట్టి చదువుకోవచ్చు. డీహెచ్‌సీపీ (అడ్రస్‌ని నెట్‌వర్క్ నుంచే అడిగి తెచ్చుకునే పద్ధతి) అయితే మాత్రం 'సింక్‌డీహెచ్‌సీపీ' అని రాయాలి, లేకపోతే అడ్రస్ వచ్చేదాకా ఆగదు.

సిస్టమ్‌డీలో చాలామంది తడబడేది ఇక్కడే. లేచే దారిలోని మజిలీలను అది టార్గెట్‌లంటుంది. నెట్‌వర్క్ టార్గెట్ వచ్చిందంటే అడ్రస్ వచ్చిందని కాదు. దానికి నెట్‌వర్క్-ఆన్‌లైన్ టార్గెట్ వేరే ఉంది. దాన్ని సర్వీసు ఫైల్లో 'ఆఫ్టర్'లో రాస్తే వరస మాత్రమే కుదురుతుంది. దాన్ని పిలవాలంటే 'వాంట్స్'లో కూడా రాయాలి. నెట్‌వర్క్‌డీ తరఫున ఎదురుచూసే సర్వీసు కూడా మామూలుగా 120 సెకన్లే ఆగుతుంది. స్విచ్ అంతకన్నా ఆలస్యమైతే కథ మళ్లీ మొదటికే.

అయితే ఫ్రీబీఎస్‌డీలో ఒక సర్వీసు ఇరుక్కుంటే దాని వెనకున్నవన్నీ ఆగిపోతాయి. మధ్యలో ఏదైనా చచ్చిపోతే ఆర్‌సీ (ఆ స్క్రిప్టుల్ని నడిపేది) దాన్ని తిరిగి లేపదు, సిస్టమ్‌డీకి 'రీస్టార్ట్' అని రాస్తే లేపుతుంది. ఫ్రీబీఎస్‌డీలో కార్డు పేరు డ్రైవర్‌ని బట్టి ఉంటుంది కాబట్టి, రియల్‌టెక్ తీసి ఇంటెల్ పెడితే ఆర్‌ఈ0 కాస్తా ఈఎమ్0 అవుతుంది, పాత వరస పనికిరాదు. నెట్‌వర్క్‌డీలో 'ఈఎన్*' అని రాసి, పేరు ఈఎన్‌తో మొదలయ్యే ఏ కార్డునైనా పట్టుకోమని చెప్పవచ్చు.

అడ్రస్ మారని, సర్వీసులు నాలుగైదుకి మించని, కరెంటు పోయి వచ్చే చోట నా ఓటు ఫ్రీబీఎస్‌డీకే. కార్డులూ కేబుళ్లూ తరచూ మారే చోట సిస్టమ్‌డీ మేలు. బిల్లింగ్‌ని మాత్రం డెబియన్ నుంచి కదపలేదు, నేను ఊళ్లో లేనప్పుడు వచ్చే అబ్బాయికి లినక్స్ ఒక్కటే తెలుసు. బదులుగా లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్‌లో 'ఐపీ నాన్‌లోకల్ బైండ్' అనే సెట్టింగుని 1 చేశాను. ఇప్పుడు అడ్రస్ ఇంకా రాకపోయినా పోస్ట్‌గ్రెస్ దాని మీద కూర్చోగలదు.

ఆదివారం గొడౌన్ మూసి ఉన్నప్పుడు స్విచ్ ప్లగ్ పీకి సర్వర్‌ని రీబూట్ చేశాను. అయిదు నిమిషాలు ఆగి స్విచ్‌కి కరెంటిచ్చాను. కౌంటర్ కంప్యూటర్ నుంచి బిల్లు వచ్చింది.