అక్కా అక్కా అంటూనే నా మాస్టర్ ప్లేటు మింగేశారు, టెక్స్చర్ మోల్డ్ చేయించుకునేవాళ్ళు జాగ్రత్త

రాత్రంతా నిద్ర లేదు, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. పాలిమర్ క్లేతో, అదే ఓవెన్‌లో కాలిస్తే గట్టిపడే ప్లాస్టిక్ మట్టితో, నగలు చేసేవాళ్ళలో సగం మందికి మోల్డులు, టూల్స్ అమ్మే ఆ పేజీ తెలుసు, ప్రతి వీడియో "హాయ్ బంగారాలూ" అని మొదలెట్టే అమ్మాయి. పేరు రాయను. రాస్తే నా మీదే కేసు పెడుతుందట, నిన్న ఫోన్‌లో చెప్పింది.

కస్టమ్ సిలికాన్ టెక్స్చర్ మ్యాట్ (మనమిచ్చిన డిజైన్‌ని క్లే మీద అచ్చు వేసే రబ్బరులాంటి షీటు) ఒకటి, 24 పీసుల టూల్ కిట్ ఒకటి, రెండూ కలిపి 3,850. పైన ఒడిశాకి షిప్పింగ్ అని ఇంకో 180. మాది పర్లాకిమిడి. పక్కనే ఉన్న పాతపట్నానికైతే ఆ 180 అక్కర్లేదట, అది ఆంధ్ర కదా. 1936లో ఒడిశాని విడదీస్తూ ఎవరో గీసిన గీతకి ఇప్పుడు నేను డబ్బులు కట్టాను. పాతపట్నంలో మా పిన్ని అడ్రస్ ఇచ్చినా ఆ 180 మిగిలేది. 3,850 ఎలాగూ పోయేదే అనుకోండి.

డబ్బు సంగతి పక్కన పెట్టండి. నా ఏడుపు అచ్చు తియ్యడానికి నేను పంపిన అసలు ప్లేటు, అదే మాస్టర్ గురించి.

మా మామ్మ పెళ్ళి చీర బరంపురం పట్టు, అంచు మీద ఫొడా కుంభ ఉంటుంది, గుడి గోపురాల వరసలా పళ్ళు పళ్ళుగా. దాన్ని టెక్స్చర్‌గా మార్చి జుంకాలు, లాకెట్లు చెయ్యాలని ఏడాదిగా అనుకుంటున్నాను. చీరని తిన్నగా పచ్చి క్లే మీద నొక్కితే పని తేలికే, కానీ పచ్చి క్లేలో ఉండే జిడ్డు పట్టుకి ఎక్కితే ఆ మరక ఇక పోదు, మామ్మ చీర మీద ఆ ప్రయోగం చేసే ధైర్యం నాకు లేదు. అందుకని ట్రేసింగ్ పేపర్ మీద అంచు గీసుకుని, 3 మిల్లీమీటర్ల క్లే షీటు మీద సూదితో చుక్కలు పెట్టి, కాల్చి, కాలాక సన్న ఉలితో ఒక్కో గీత చెక్కాను. ఉలి మా వీధిలో కొమ్ము పని చేసే మావయ్యది. పర్లాకిమిడి కొమ్ము బొమ్మలంటే ఒకప్పుడు ఎక్కడెక్కడి నుంచో వచ్చి కొనుక్కుపోయేవారు, ఇప్పుడు చేసేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. గీత అంచుల్లో లేచిన పొట్టు పోవడానికి ముందు 400, తర్వాత 800 నంబరు వాటర్ పేపర్‌తో నీళ్ళలో రుద్దాను. పిల్లలు పడుకున్నాక మొదలెడితే పన్నెండు దాటేది, అలా తొమ్మిది రాత్రులు. ఆఖరి రాత్రి పై వరసలో మూడో కుంభం దగ్గర ఉలి జారి అడ్డంగా చిన్న గీత పడింది. మళ్ళీ మొదటి నుంచి చేసే ఓపిక లేక వదిలేశాను. ఈ గీత సంగతి గుర్తుంచుకోండి.

ఇంట్లోనే మోల్డ్ చేసుకోవచ్చు, నాకు రాక కాదు. మిగిలిపోయిన క్లే ముద్దలన్నీ కలిపేసి, మాస్టర్ మీద కార్న్‌ఫ్లోర్ పల్చగా అద్ది, నొక్కి తీసి కాల్చేస్తే గట్టి మోల్డ్ వస్తుంది, పైసా ఖర్చు లేదు. ఆకులకి, లేసులకి, పాత గుండీలకి ఎన్నిసార్లు చేశానో. కానీ నా గీతలు సన్నం, లోతు ఎక్కువ. గట్టి మోల్డ్‌లోంచి పచ్చి షీటు లాగితే కుంభాల పళ్ళు అక్కడే ఉండిపోతున్నాయి. సిలికానైతే మ్యాట్‌నే వంచి ఒలిచెయ్యొచ్చు. పైగా మా ఆయన తరఫు పెళ్ళికి 30 జతల జుంకాలు ఒప్పుకుని కూర్చున్నాను. ఆ అమ్మాయేమో "అక్కా, ప్లాటినం సిలికాన్ అక్కా, మీ మనవరాళ్ళు కూడా వాడుకుంటారు అక్కా" అంది. మన తెలుగు పిల్లే కదా అని మాస్టర్‌ని దూదిలో చుట్టి, డబ్బాలో పెట్టి, స్పీడ్‌పోస్ట్ చేశాను. పోస్టాఫీసుకి వెళ్తుంటే మావయ్య అరుగు మీద కూర్చుని "ఏటమ్మా, అసలే పంపించెస్తన్నావా?" అన్నాడు. నవ్వేసి వెళ్ళిపోయాను. ఇప్పుడు ఆ అరుగు మీదుగా నడవాలంటే సిగ్గేస్తోంది.

పది రోజులన్నది నలభై రోజులకి వచ్చింది. అందులో మ్యాట్, కిట్ ఉన్నాయి, మాస్టర్ లేదు.

కిట్ గురించి రెండు మాటల్లో చెప్పేస్తాను, ఎక్కువ రాస్తే బీపీ పెరుగుతుంది. యాక్రిలిక్ రోలర్ మీద ఈ చివర నుంచి ఆ చివరి దాకా అచ్చు అతుకు గీత, ఎన్నిసార్లు దొర్లిస్తే షీటు మీద అన్ని గీతలు. మా వంటింట్లో స్టీలు గ్లాసు దీనికన్నా వెయ్యి రెట్లు నయం. టిష్యూ బ్లేడ్ అంటే పల్చగా ఉండి విల్లులా వంగాలి, ఇది కొబ్బరి కోరే బిళ్ళలా ఉంది. చుక్కలు పెట్టే బాల్ టూల్‌కి బాల్ మొదటిరోజే ఊడి వచ్చింది. కట్టర్లు త్రీడీ ప్రింట్‌వి, పక్కలంతా మెట్లు మెట్లుగా ఉండి, కోసిన అంచు మీద ఆ మెట్లన్నీ దిగుతున్నాయి. అన్నిటికన్నా విచిత్రం ఇవన్నీ పెట్టిచ్చిన డబ్బా, "క్లే స్టోరేజ్ బాక్స్ ఫ్రీ" అన్నదే అది. గాజులా మెరుస్తుంటే ముచ్చటపడి రాత్రి మిగిలిన పచ్చి క్లే అందులో పెట్టాను. మర్నాటికి డబ్బా అడుగు మెత్తబడి జిగురైపోయింది, క్లే దానికి అతుక్కుపోయింది. పాలిస్టైరిన్ డబ్బా అన్నమాట, పచ్చి క్లేని మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్ దాన్ని తినేస్తుంది. క్లే వస్తువులు అమ్మేవాళ్ళకి ఈమాత్రం తెలియదా? లోపల ఒక కార్డు కూడా పెట్టారు, "180 డిగ్రీల్లో 10 నిమిషాలు బేక్ చేయండి" అని. చేసి చూడండి, క్లే నల్లబడి, ఘాటు పొగకి ఇల్లంతా కిటికీలు తెరవాలి. ఫిమో బ్రాండు క్లే ప్యాకెట్ మీద 110 అని, ప్రీమో బ్రాండు మీద సుమారు 130 అని తయారుచేసినవాళ్ళే అచ్చేసి ఇస్తారు. నాకు తెలుసు కాబట్టి సరిపోయింది, మొన్ననే మొదలెట్టిన పిల్లలైతే ఆ కార్డునే నమ్ముతారు.

ఇక మ్యాట్. చేత్తో పట్టుకుంటే బెల్లం పాకం. ఒక పక్క బాగానే గట్టిపడింది, ఇంకో పక్క చారలు చారలుగా జిగురు, మందమంతా అలాగే ఉంది. సబ్బుతో కడిగాను, ఎండలో పెట్టాను, రెండు రోజులు ఆగాను, పోలేదు. ఒకసారి క్లే వేసి నొక్కితే ఆ జిగురంతా క్లేకి పట్టి, రెండు ప్యాకెట్లు చెత్తబుట్టలోకి పోయాయి.

వీడియో తీసి పంపాను. "మీ క్లే వల్లే అక్కా, మీ ప్లేటులో సల్ఫర్ ఉంది, ప్లాటినం సిలికాన్‌కి పడదు" అని వాయిస్ మెసేజ్ వచ్చింది. వినడానికి ఎంత శాస్త్రీయంగా ఉందో చూడండి. సల్ఫర్ ఉంటే ప్లాటినం సిలికాన్ గట్టిపడదు, నిజమే, కొన్ని మోడలింగ్ మైనాల్లో ఉంటుంది, లాటెక్స్ గ్లవ్స్ తొడుక్కుని కలిపినా అదే గొడవ. కానీ కాల్చిన పాలిమర్ క్లేకి దీంతో ఏం సంబంధం? అదీకాక మాస్టర్ వల్లే అయితే మాస్టర్‌కి తగిలిన మొహం మాత్రమే జిగురుగా ఉండాలి, వెనక వైపు చారలెందుకుంటాయి? సిలికాన్ రెండు భాగాలుగా వస్తుంది, ఆ రెండూ సరిసమానంగా తూచకుండా, గిన్నె అంచులు గీకి కలపకుండా పోసేస్తే వచ్చే చారలవి. అయినా అనుమానం ఉండకూడదని, అదే షీటులోంచి అదే రోజు కాల్చిన చిన్న ముక్క నా దగ్గరుంటే దాని మీద నా సిలికాన్ పుట్టీ (రెండు ముద్దలు పిసికి కలిపితే గట్టిపడేది) నొక్కి చూశాను. అరగంటలో నున్నగా ఊడి వచ్చింది.

ఆ ఫోటో కూడా పంపి ఫోన్ చేశాను. డబ్బు అడగలేదండీ, ఒట్టు. నా ప్లేటు నాకు పంపెయ్యమ్మా, మిగతాది వదిలేస్తాను అన్నాను.

"ఆ ముక్కా? తీసేటప్పుడు విరిగిపోయిందండీ. మావాళ్ళు చెత్తలో పడేశారు."

ముక్క కాదమ్మా, మాస్టర్ అది, తొమ్మిది రాత్రులు చెక్కాను అన్నాను. గొంతు వణుకుతోంది నాకు.

"మళ్ళీ చేసుకోండి మేడం, మీకు వచ్చు కదా."

వాయిస్ మెసేజ్ దాకా అక్కా, ఫోన్ ఎత్తాక అండీ, ఇప్పుడు మేడం. ఇంకో రెండు మాటలు నేనేదో అనేసరికి "మీ ఒరియా వాళ్ళతో ఇదేనండీ, అన్నీ తెలుసంటారు, ఆర్డర్ మాత్రం మాకే పెడతారు" అని పెట్టేసింది. నలభై రోజులు నేను ఆమెతో మాట్లాడింది తెలుగు కాక మరేంటో! ఇక్కడేమో మమ్మల్ని తెలుగోళ్ళంటారు, అక్కడేమో ఒరియావాళ్ళంటారు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. ఆ ఖాళీ ఫోన్‌లోకి నేను తిట్టిన తిట్లు మాత్రం ఒడియాలోనే వచ్చాయి, ఆమె మాట నిలబెట్టినట్టైంది.

సరే, విరిగింది, పోయింది, నా ఖర్మ అనుకుని ఊరుకుందామనుకున్నాను. నిన్న రాత్రి తొమ్మిదింటికి మా ఆడపడుచు కూతురు ఒక స్క్రీన్‌షాట్ పంపింది. "అత్తా, ఇది నీ డిజైన్‌లా ఉందే?" అని.

న్యూ అరైవల్. టెంపుల్ బోర్డర్ టెక్స్చర్ మ్యాట్. 499. నున్నగా, నిగనిగలాడుతూ, ఒక్క చార లేకుండా గట్టిపడిన సిలికాన్. వేళ్ళతో జూమ్ చేస్తూ పోయాను. పై వరస, మూడో కుంభం, అడ్డంగా చిన్న గీత.

నా ఉలి జారిన గీత అది. ఫోన్ పట్టుకుని వంటింట్లో నిలబడిపోయాను, పాలు పొంగి స్టవ్ మీద పోతున్నా తెలియలేదు. నా క్లేలో సల్ఫర్ ఉంటే మరి ఈ మ్యాట్ ఎలా గట్టిపడిందో? విరిగిన ముక్కలోంచి ఇంత చక్కటి అచ్చు ఎలా వచ్చిందో? అసలు సరిగ్గా కాలిన 3 మిల్లీమీటర్ల షీటు వంచితే వంగుతుంది కానీ అంత తేలిగ్గా విరగదు, అది అప్పుడే నాకు తట్టాల్సింది. ముందు వాళ్ళకి కావలసిన మంచి అచ్చు తీసుకుని, గిన్నెలో మిగిలిందేదో పోసి నాకు పంపారన్నమాట. నా డిజైన్, నా డబ్బు, పైన షిప్పింగ్ కూడా నాదే. కింద కామెంట్లలో "సూపర్ అక్కా, ఎంత క్రియేటివ్‌గా ఆలోచిస్తారో" అని ఎవరో రాశారు. నేనూ పెట్టాను ఒక కామెంట్, ఆ మూడో కుంభం మీద గీత ఏంటి అని. రెండు నిమిషాల్లో తీసేసి నన్ను బ్లాక్ చేశారు. స్క్రీన్‌షాట్ ఉంది కాబట్టి బతికాను.

పొద్దున్నే 1915కి, అదే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. పోస్ట్ రసీదు, యూపీఐ వివరాలు, వాయిస్ మెసేజ్‌లు దాచాను. మాస్టర్ పంపే ముందు ఫోటో మాత్రం తీసుకోలేదు, పని మధ్యలో తీసినవి రెండు మసక ఫోటోలున్నాయి అంతే. నాలాంటి తెలివైనవాళ్ళు ఇంకెవరైనా ఉంటే చెప్పండి, సంఘం పెట్టుకుందాం.

మీరెవరైనా చేయించుకోవాలంటే అసలు మాత్రం పంపకండి. దాని మీద గట్టి మోల్డ్ తీసి, అందులోంచి ఇంకో కాపీ కాల్చి అది పంపండి, ఒకటి రెండు పళ్ళు పోతే చెక్కి సరిచేసుకోవచ్చు. వెనకాల మీ గుర్తు ఏదైనా గీకి, స్కేలు పక్కన పెట్టి ఫోటో తీసుకోండి. చిన్న మ్యాట్‌కైతే రెండు భాగాల పుట్టీ కొనుక్కుని, సమానంగా తీసి, రంగు ఒక్కటయ్యేదాకా పిసికి ఇంట్లోనే నొక్కుకోండి, లాటెక్స్ గ్లవ్స్ వద్దు. క్లే దాచే డబ్బాకి అడుగున త్రికోణంలో 5 అంకె ఉందో లేదో చూసుకోండి, 6 ఉంటే వద్దు, అది పాలిస్టైరిన్. టూల్స్ కిట్లుగా కొనకుండా ఒక మంచి బ్లేడు, ఓవెన్‌లో పెట్టే థర్మామీటర్ తీసుకుంటే చాలు, మిగతావి వంటింట్లోనే దొరుకుతాయి.

ఆ 499 మ్యాట్ ఎవరైనా ఇప్పటికే కొని ఉంటే పై వరస మూడో కుంభం ఫోటో తీసి నాకు పంపండి, ఫిర్యాదులో పెడతాను. నేను పెళ్ళివాళ్ళకి ఫోన్ చెయ్యాలి, 30 జతలూ ప్లెయిన్‌గా చేసిస్తే ఒప్పుకుంటారేమో అడగాలి.