పొగ రాని కబూస్: వత్తి మార్చాలా, రెసిస్టర్ మార్చాలా, యూనిట్టే మార్చాలా?

అమెరికాలో గూడ్సు బండి చివర తగిలించే గార్డు పెట్టెను కబూస్ అంటారు. సిబ్బంది లోపల పొయ్యి రాజేసుకునేవారు కాబట్టి కప్పు మీద చిన్న పొగగొట్టం ఉండేది. 1980ల నుంచి అసలు రైళ్లలో కబూసులు కనుమరుగవుతూ వచ్చినా, మధ్యలో మూడో పట్టా ఉండే 'O' గేజ్ (ఒక మోడల్ సైజు) బొమ్మ రైళ్లలో ఆ పొగ ఇంకా లేస్తూనే ఉంది. అమెరికా బొమ్మ రైళ్ల కంపెనీ లయొనెల్ 1946లో ఇంజన్లకు పొగ పెట్టినప్పుడు బల్బు వేడిని వాడుకుంది, మరుసటి ఏడాదికే వేడెక్కే తీగకు మారింది. ఈనాటి పొగ యూనిట్ కూడా మూలంలో అదే: వేడెక్కే రెసిస్టర్, దాన్ని ఆనుకుని పొగ కోసం వాడే నూనె పీల్చిన వత్తి. ఇప్పటివాటిలో చాలావరకు పొగను బయటికి నెట్టే బుల్లి ఫ్యాన్ కూడా ఉంటుంది.

పొగ ఆగిపోగానే చాలామంది కొత్త యూనిట్ కోసం వెతుకుతారు. ఫ్యాన్ రకమైతే అంత తొందర అక్కర్లేదు. ముందు వత్తి, తరవాత రెసిస్టర్, ఆ రెండూ కాకపోతేనే యూనిట్.

విప్పేముందు ఒక్క పరీక్ష. కబూస్ లోపలి లైటు చూడండి. చాలా మోడళ్లలో లైటుకీ పొగకీ కరెంటు మధ్య పట్టాను తాకుతూ దొర్లే ఒకే రోలరు నుంచి వస్తుంది. లైటు కూడా మిణుకుమిణుకుమంటే తప్పు యూనిట్‌ది కాదు. రోలరు, చక్రాలు మురికిపట్టి ఉంటాయి, లేదా చక్రాల చట్రం మలుపుల్లో తిరిగీ తిరిగీ తీగ తెగి ఉంటుంది. పెట్టె అడుగున పొగ స్విచ్ ఉంటే అదీ చూడండి. అమెరికా నుంచి మనవాళ్లెవరైనా తెచ్చిన సెట్టయితే, దాని 120 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌ను మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెట్టకండి. మధ్యలో వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.

లైటు నిలకడగా వెలుగుతుంటే గొట్టం పైన సన్నటి టిష్యూ ముక్క పట్టుకోండి. టిష్యూ కదులుతూ పొగ లేకపోతే తప్పు వత్తిదో రెసిస్టర్‌దో. టిష్యూ కదలకుండా పొగ మాత్రం బద్ధకంగా లేస్తుంటే ఫ్యాన్ ఆగింది. అప్పుడు వెంటనే ఆపేయండి, గాలి ఆడకుండా రెసిస్టర్ కాలుతుంటే వత్తి మాడిపోతుంది. గుడగుడమని చప్పుడొస్తే నూనె ఎక్కువైంది. టిష్యూను పురిలా మెలిపెట్టి గొట్టంలోకి దింపి కొంత పీల్చేస్తే చాలు.

ఇక వత్తి. యూనిట్ చల్లారాక మూత మరలు విప్పి, పట్టకారుతో వత్తిని పైకి తీయండి. బాగున్న వత్తి తెల్లగా, మెత్తగా ఉంటుంది. నూనె అయిపోయాక కూడా నడిపిన వత్తి రెసిస్టర్ తగిలేచోట నల్లబడి, దీపంలో కొడిగట్టిన వత్తిలా బిరుసెక్కుతుంది. ఆ మాడినచోటు నూనె పీల్చదు. అందుకే అడుగున నూనె నిండుగా ఉన్నా పైన రెసిస్టర్ ఎండిపోయే ఉంటుంది, మనం మాత్రం నూనె చాలలేదనుకుని ఇంకా పోస్తాం. వత్తిని తిరగేసి పెడితే కొన్నాళ్లు నడుస్తుంది కానీ కొత్తది వేయడమే మేలు. దూది పనికిరాదు, మాడిపోతుంది. ఫైబర్‌గ్లాస్ వత్తి కావాలి. అది రెసిస్టర్‌ను తాకుతూ ఉండాలి, ఫ్యాన్ గది నుంచి గాలి వచ్చే కన్నాన్ని మాత్రం మూయకూడదు. కుక్కి పెడితే బాగుచేసినా పొగ పలచగానే వస్తుంది. కరెంటు ఇచ్చేముందే వత్తిని నూనెతో తడిపేయండి. ఖర్చు తక్కువ, సోల్డరింగ్ అవసరం లేదు, ఎక్కువ యూనిట్లకు సరిపోయే మందు ఇదే.

వత్తి బాగానే ఉంటే రెసిస్టర్. కరెంటు తీసేసి, యూనిట్‌కు వచ్చే తీగ ఒకటి ఊడదీసి మల్టీమీటర్ పెట్టండి. మరో అమెరికా బొమ్మ రైళ్ల కంపెనీ ఎమ్‌టీహెచ్ ఇంజన్ల యూనిట్లలో చాలావాటిలో 16 ఓమ్‌ల రెసిస్టర్లు రెండు సమాంతరంగా ఉంటాయి కాబట్టి మీటర్ దాదాపు 8 చూపాలి. 16 చూపితే ఒకటి పోయింది, పొగ సగానికి తగ్గడానికి కారణం అదే. అసలు లెక్కే రాకపోతే రెండూ పోయాయి.

ఇక్కడ పొరపాటు ఖరీదైనది. పాత లయొనెల్ యూనిట్లలో కనిపించే 27 ఓమ్‌ల రెసిస్టర్‌కు 18 వోల్టులు పూర్తిగా అందితే 12 వాట్ల వేడి పుడుతుంది. దాని స్థానంలో 8 ఓమ్‌లది పెడితే అదే వోల్టేజీకి 40 వాట్లు! పొగ బాగా వస్తుందనే ఆశతో ఓమ్‌లు తగ్గించి, పెట్టెను కరిగించుకోకండి. ఉన్న విలువనే మళ్లీ వేయండి. దాని కాళ్లకు మామూలు ప్లాస్టిక్ తొడుగు కాకుండా ఫైబర్‌గ్లాస్ తొడుగు వేయండి.

మొత్తం యూనిట్ మార్చడం నా దృష్టిలో మూడు సందర్భాలకే: ఫ్యాన్ మోటారులోకి నూనె దిగి బిగుసుకుపోతే, బోర్డు మాడితే, యూనిట్ డబ్బా కరిగితే. మోటారు తీగలు విడదీసి రెండు పెన్సిల్ సెల్స్ తగిలించినా అది తిరగకపోతే ఇక దాన్ని వదిలేయొచ్చు.

చిన్న స్కేలు రైళ్లలో వాడే జర్మనీ కంపెనీ జోయ్టె రకం సన్నగొట్టాల సంగతి పూర్తిగా వేరు. వాటిలో ఫ్యాన్ ఉండదు, విప్పి మార్చే వత్తి ఉండదు. లోపలి తీగ తెగితే కొత్తది కొనడమే, అదీ మీ పట్టాల వోల్టేజీకి తగినది చూసి. అయితే అంచుదాకా నూనె పోసినా ఇవి పొగ వదలవు. కాబట్టి కొనేముందు కాస్త నూనె పీల్చేసి, మళ్లీ కరెంటు ఇచ్చి చూడండి.