ఐస్ మీద ఆ నిమిషాలు ఎవరికి: కుర్రాడికా, సీనియర్‌కా?

ఐస్ హాకీ ఆట 60 నిమిషాలు. గోల్‌కీపర్లను పక్కన పెడితే ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికాలోని పెద్ద ప్రొఫెషనల్ హాకీ లీగు) జట్టులో ఒక మ్యాచ్‌లో ఆడేది 18 మంది. అందులో ఒకేసారి ఐస్ మీద ఉండేది ఐదుగురు. ముప్పావు నిమిషం దూసుకుపోయి ఆడతారు, బెంచీ మీదికి వచ్చేస్తారు, తర్వాతి లైన్, అంటే కలిసి ఆడే తర్వాతి బృందం, దిగుతుంది. మేటివాళ్లుండే మొదటి లైన్‌లోని ఫార్వర్డ్‌కు (దాడి చేసే ఆటగాడికి) 20 నిమిషాల దాకా దక్కితే, నాలుగో లైన్‌లో ఉన్నవాడికి పది దొరకడం కూడా కష్టం. కాబట్టి కుర్రాడికి ఐదు నిమిషాలు ఎక్కువ ఇవ్వాలంటే ఆ ఐదూ ఏ సీనియర్ వాటాలోంచో తీయాలి. గొడవంతా అక్కడే.

కుర్రాళ్లను తొందరపడి దింపకుండా ఆగమనేవాళ్లకు పెద్ద ఉదాహరణ డెట్రాయిట్ రెడ్ వింగ్స్. 1991 నుంచి 2016 వరకు వరుసగా 25 సీజన్లు ప్లేఆఫ్స్‌కు, అంటే టైటిల్ కోసం జరిగే చివరి దశకు, వెళ్లిన జట్టది. తర్వాత స్టార్లైన డాట్సూక్ 23 ఏళ్లకు, జెటర్‌బర్గ్ 22 ఏళ్లకు గానీ అందులో ఆడలేదు. కుర్రాళ్లను ఏహెచ్‌ఎల్‌లో, అంటే ఒక మెట్టు కింది లీగులో, బాగా పండనిచ్చి తెచ్చుకోవడం వాళ్ల పద్ధతి. కానీ అదే పద్ధతి ఒక్కోసారి పట్టుదలగా మారేది. 2013లో సీనియర్లతో జట్టు నిండిపోయి గుస్తావ్ నైక్విస్ట్‌కు చోటు లేకపోయింది. నవంబరులో పిలిచారు. ఆ సీజన్‌లో అతను 57 మ్యాచ్‌ల్లో 28 గోల్స్ కొట్టాడు. అలాంటి వాణ్ణి కింద కూర్చోబెట్టడం ఓర్పు కాదు, పొరపాటు.

ఇక ఎడ్మంటన్ ఆయిలర్స్ సరిగ్గా దీనికి ఎదురు దారి. 2010, 2011, 2012 డ్రాఫ్టుల్లో (జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే చోట) మొదటి ఎంపిక వాళ్లదే: టేలర్ హాల్, రయన్ న్యూజెంట్-హాప్కిన్స్, నైల్ యాకుపొవ్. ముగ్గురినీ టీనేజ్‌లోనే నేరుగా దింపారు. హాల్ నిలబడ్డాడు, తర్వాత వేరే జట్టులో, లీగులో అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీని 2018లో గెలిచాడు. న్యూజెంట్-హాప్కిన్స్ కూడా నిలిచాడు. యాకుపొవ్ తొలి ఏడాది 48 మ్యాచ్‌ల్లో 17 గోల్స్ కొట్టి కూడా నిలదొక్కుకోలేకపోయాడు, 2018కల్లా ఎన్‌హెచ్‌ఎల్ వదిలేశాడు. జట్టు మాత్రం వరుసగా పది సీజన్లు ప్లేఆఫ్స్ మొహం చూడలేదు. నిమిషాలు ఇచ్చారు సరే, ఆ పిల్లల పక్కన ఆట తెలిసినవాళ్లను తగినంత మందిని పెట్టలేదు. నా దృష్టిలో అసలు తప్పు అదే.

ఈ రెండింటికంటే నాకు ఎక్కువ బాధ కలిగించేది మూడో దారి: కుర్రాణ్ణి జట్టులో ఉంచుకుని, నాలుగో లైన్‌లో ఏడెనిమిది నిమిషాలు ఆడించి, ఒక్క తప్పు చేయగానే బెంచీకి కట్టేయడం. పవర్ ప్లే (శిక్ష వల్ల ఎదుటి జట్టులో ఒకడు తక్కువున్న సమయం) లేదు, పక్ (ఆటలో కొట్టే రబ్బరు బిళ్ల) కాళ్ల దగ్గరికి వచ్చేదే తక్కువ. ఇంకేం నేర్చుకుంటాడు? పైగా 18, 19 ఏళ్లవాడు పదో మ్యాచ్ ఆడగానే మూడేళ్ల తొలి కాంట్రాక్టులో ఒక ఏడాది లెక్కలోకి వచ్చేస్తుంది. ఆటగాడికీ నష్టమే, జట్టుకూ నష్టమే.

ఈ విషయంలో ఎడ్మంటనే ఒకసారి మంచి పని చేసింది. 2014లో మూడో ఎంపికగా తీసుకున్న లియోన్ డ్రైజైటిల్ 37 మ్యాచ్‌ల్లో 9 పాయింట్లతో (గోల్స్, గోల్‌కు అందించిన పాస్‌లు కలిపి) తడబడుతుంటే, సీజన్ మధ్యలోనే జూనియర్ లీగుకు, కెలోనా రాకెట్స్‌కు పంపేసింది. చాలామందికి అది వెనకడుగులా కనిపించింది. అక్కడ జట్టు భారమంతా మోసి, జూనియర్ జట్ల పెద్ద టోర్నీ మెమోరియల్ కప్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు. 2020లో హార్ట్ ట్రోఫీ గెలిచింది ఆ కుర్రాడే.

అందరికీ ఇదే మందని కాదు. మాంట్రియల్ జట్టు 2022లో మొదటి ఎంపిక యురాయ్ స్లాఫ్‌కోవ్‌స్కీని కిందికి పంపకుండా ఉంచుకుంది. మోకాలి గాయంతో ముగిసిన ఆ ఏడాది 39 మ్యాచ్‌ల్లో 10 పాయింట్లే. మరుసటి ఏడాది కెప్టెన్ సుజుకీ లైన్‌లో ఆడించారు, 50 పాయింట్లు వచ్చాయి.

కోచ్‌ల టెన్షన్ నాకు తెలియనిది కాదు. ఒక్క గోల్ ఆధిక్యం, రెండే నిమిషాలు, సొంత గోల్ ముందు ఫేసాఫ్ (ఇద్దరి మధ్య రిఫరీ పక్ వదిలి ఆట మొదలుపెట్టడం): అప్పుడు వందలసార్లు ఆ పరిస్థితి చూసినవాణ్ణే ఎవరైనా పంపుతారు. ఓడితే ముందు పోయేది కోచ్ ఉద్యోగమే కదా. ప్లేఆఫ్స్ రేసులో ఉన్న జట్టు చివరి నిమిషాలు సీనియర్లకే ఇస్తే నేను తప్పు పట్టను. కానీ ఫిబ్రవరికే అవకాశాలు అడుగంటిన జట్టు, వచ్చే ఏడాది ఉంటాడో లేడో తెలియని 34 ఏళ్ల ఆటగాడికి పవర్ ప్లే ఇస్తుంటే ఒప్పుకోలేను. ఆ నిమిషాలు కుర్రాడివే.

అయితే సీనియర్‌ను అదే లైన్‌లో ఉంచాలి. 2001-02లో డెట్రాయిట్ చేసింది అదే. కొత్తగా వచ్చిన డాట్సూక్ పక్కన 37 ఏళ్ల బ్రెట్ హల్ ఆడాడు. పక్‌ను ఎలా దాచుకోవాలో డాట్సూక్‌కు ముందే తెలుసు. దాన్ని ఎక్కడికి పంపితే గోల్ అవుతుందో హల్‌కు తెలుసు. ఆ జూన్‌లో లీగు విజేతకిచ్చే స్టాన్లీ కప్ డెట్రాయిట్‌కే వచ్చింది.